సరదాకి చేసిన పనే, మరి పరిహారం ఎవరు కట్టాలి?

అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక పండ్ల కంపెనీ. 1965 జనవరి 21, మధ్యాహ్న భోజన విరామం. ప్లాంటులో ఒక పని బల్ల మీద కొందరు ఉద్యోగులు కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకావిడకి సిగ్గు, బిడియం ఎక్కువ. ఆ సంగతి పక్కనున్న సహోద్యోగికి తెలుసు. తెలిసే, కాస్త ఆటపట్టిద్దామని ఆవిడ చుట్టూ చెయ్యి వేసి తలని తనవైపు లాక్కున్నాడు. ఆ వెంటనే ఆవిడకి మెడ వెనక, చెవి దగ్గర, పుర్రె అడుగున భరించలేని నొప్పి మొదలైంది. చివరికి ముఖం ఎడమవైపు, నోరు పక్షవాతంతో చచ్చుబడిపోయాయి.

ఆవిడ కోర్టుకి వెళ్లారు. కేసు ఫ్లోరిడా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1972లో తేలింది. లా కాలేజీల్లో దీన్ని స్పైవీ వర్సెస్ బటాగ్లియా కేసుగా చెప్తారు. తీర్పు కన్నా ముందు గమనించాల్సింది ఇంకొకటుంది. ఆ కేసులో ‘నేను చేసింది బ్యాటరీయే (సమ్మతి లేకుండా, కావాలని ఒంటిని తాకడమే)’ అని వాదించింది చెయ్యి వేసిన వైపు వాళ్లు. ‘కాదు, అది నిర్లక్ష్యం మాత్రమే’ అని నిలబడాల్సి వచ్చింది బాధితురాలు. ఈ తిరకాసు అర్థమైతే సహోద్యోగుల మధ్య నడిచే ఇలాంటి కేసుల్లో సగం చిక్కు విడిపోయినట్టే.

చట్టం దృష్టిలో సివిల్ బ్యాటరీ అంటే, ఎదుటి మనిషి సమ్మతి లేకుండా, కావాలని, హాని కలిగించేలాగానో అవమానంగా అనిపించేలాగానో ఒంటిని తాకడం. జైలు శిక్షతో దీనికి సంబంధం లేదు. ఒక మనిషి ఇంకో మనిషి మీద పరిహారం కోసం వేసే దావా ఇది. ఇంగ్లండ్ కామన్ లా (కోర్టు తీర్పుల ద్వారా పెరిగిన చట్టం) నుంచి అమెరికాకీ మనకీ కూడా వచ్చింది. ఇందులో ‘కావాలని’ అన్న మాట దగ్గరే చాలామంది పొరపడతారు. గాయపరచాలనే ఉద్దేశం ఉండాలనుకుంటారు. చాలా కోర్టుల్లో అది అక్కర్లేదు. అలా తాకాలన్న ఉద్దేశం ఉండి, ఆ తాకిడి ఎదుటివాళ్లకి ఇష్టం లేనిదైతే చాలు.

మరి ఫ్లోరిడా కేసులో ప్రతివాది తనది బ్యాటరీయే అని ఎందుకన్నాడు? గడువు కోసం. అప్పట్లో అక్కడ బ్యాటరీ దావా వేయడానికి రెండేళ్లే టైము. నిర్లక్ష్యం దావాకి నాలుగేళ్లు. బ్యాటరీ అని ముద్ర పడితే గడువు దాటిపోయిందని కేసు కొట్టేయించొచ్చు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. సరదాగా దగ్గరికి లాక్కుంటే పక్షవాతం వస్తుందని ఎవరూ ఊహించరు కాబట్టి దీన్ని బ్యాటరీ అనలేమని, నిర్లక్ష్యమా కాదా అన్నది జ్యూరీ తేల్చాలని చెప్పింది. బాధితురాలికి దారి తెరిచిన తీర్పే, సంతోషం. కానీ ఆ తర్కం నాకు గట్టిగా అనిపించదు. పక్షవాతం తెప్పించాలన్న ఉద్దేశం ఉందా అని కోర్టు వెతికింది. అడగాల్సిన ప్రశ్న అది కాదు. బిడియపడే మనిషిని ఇబ్బంది పెట్టడానికే, ఆమె అడక్కుండా, మీద చెయ్యి వేశాడా లేదా? వేశాడు. గాయం ఎంత పెద్దదన్నది ఆ తర్వాత మాట.

సరిగ్గా ఇదే పరిస్థితి తలకిందులైతే ఏమవుతుందో నాలుగేళ్ల తర్వాత ఇంకో కేసు తీర్పులో కనిపించింది. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో 1972 ఆగస్టులో ఒక మాంసం కంపెనీ కార్మికుడు లారీ నుంచి మాంసం దించుతున్నాడు. అక్కడ తనిఖీకి వచ్చే కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ ఉన్నట్టుండి వెనకనుంచి అతని వీపు మీదకి ఎగిరి, ఉన్ని టోపీని కళ్లమీదకి లాగి, ఉప్పుబస్తాలా వీపెక్కి ఊగడం మొదలెట్టాడు. కళ్లు కనపడని కార్మికుడు ముందుకి తూలి మాంసం వేలాడదీసే కొక్కేల మీద పడ్డాడు. నోటికీ పళ్లకీ తీవ్రమైన గాయాలయ్యాయి. ఇద్దరి యజమానులు వేరైనా రోజూ ఒకే చోట పనిచేసేవాళ్లు. అతను ప్రభుత్వం మీద నిర్లక్ష్యం దావా వేశాడు. 1976లో అప్పీలు కోర్టు ఇది నిర్లక్ష్యం కాదు, బ్యాటరీ అంది. గాయపరచాలన్న ఉద్దేశం ఇన్‌స్పెక్టర్‌కి లేకపోయినా సరే, కావాలని ఎక్కాడు కదా. బ్యాటరీ అయితే ప్రభుత్వం మీద దావా వేయడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. నోరు, పళ్లు దెబ్బతిన్న మనిషి, తనకి జరిగింది మరీ పెద్ద తప్పు అన్న కారణం చేతే ఓడిపోయాడు.

లూసియానాలోని కాడిల్ వర్సెస్ బెట్స్ కేసులో బ్యాటరీ అన్న ముద్ర బాధితుడికి పనికొచ్చింది. 1983 డిసెంబరు, ఒక కార్ల డీలర్‌షిప్, ఆఫీసులో క్రిస్మస్ పార్టీ. దానికి ముందు కొందరు ఉద్యోగులు కారు కండెన్సర్‌కి (కరెంటు నిల్వ చేసే చిన్న భాగానికి) చార్జి ఎక్కించి ఒకరికొకరు చిన్న చిన్న షాకులు ఇచ్చుకుంటూ ఆడుతున్నారు. కంపెనీ ప్రెసిడెంటు కూడా ఆటలో చేరి ఒక సేల్స్‌మన్ మెడ వెనక షాకిచ్చాడు. అంతటితో ఆగలేదు, దాన్ని పట్టుకుని వెంటపడ్డాడు. సేల్స్‌మన్ పరిగెత్తి ఒక గదిలోకి దూరి తలుపు గడియ పెట్టుకున్నాడు. తర్వాత అతనికి తలనొప్పులు, పదే పదే స్పృహ తప్పడం మొదలైంది. చివరికి తల వెనక నరానికి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది.

అమెరికాలో పనిచోట దెబ్బ తగిలితే మామూలుగా వర్కర్స్ కాంపెన్సేషన్ బీమానే దిక్కు. తప్పెవరిదని అడగకుండా వైద్యం ఖర్చు, జీతంలో కొంత భాగం ఇస్తుంది. బదులుగా యజమాని మీద, చాలా రాష్ట్రాల్లో సహోద్యోగి మీద కూడా దావా వేసే హక్కు పోతుంది. నొప్పికీ మనోవేదనకీ అందులో పైసా రాదు. కావాలని చేసిన తప్పు మాత్రం ఈ కంచె దాటుతుంది. కింది కోర్టులు ఇదంతా సరదా, గాయపరిచే ఉద్దేశం లేదు, బీమాతో సరిపెట్టుకో అన్నాయి. 1987లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని తిప్పికొట్టింది. గాయం కోరుకోకపోయినా, ఇష్టం లేని ఆ షాకుని కోరుకున్నాడు కాబట్టి బ్యాటరీయే, అందులోంచి వచ్చిన గాయానికి బాధ్యుడే అని చెప్పింది.

అన్ని రాష్ట్రాలూ ఇలా చూడవు. కాలిఫోర్నియాలో సహోద్యోగి మీద దావా వేయాలంటే లేబర్ కోడ్ 3601 సెక్షన్ ప్రకారం అతను కావాలని, రెచ్చగొట్టకుండానే దాడికి దిగి ఉండాలి, లేదా తాగి ఉండాలి. ఆ దాడిలో గాయపరచాలనే ఉద్దేశం ఉండాలని అక్కడి సుప్రీంకోర్టు 2001లో తేల్చింది. అంటే లూసియానాలో గెలిచిన కేసు కాలిఫోర్నియాలో సహోద్యోగి మీద గెలవడం కష్టం. గడువులూ అంతే. న్యూయార్క్‌లో బ్యాటరీ దావాకి ఒక్క ఏడాదే, టెక్సస్‌లో రెండేళ్లు. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు ఫ్రెండ్‌కి ఇంకో రాష్ట్రంలో ఏం జరిగిందో విని ధైర్యం తెచ్చుకోవడమో, వదిలేయడమో చేయకూడదు.

ఇక సమ్మతి సంగతి. సమ్మతి ఎప్పుడూ కాగితం మీద ఉండదు, నోటిమాటగా కూడా ఉండదు. 1891లో మసాచుసెట్స్ కోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో, ఓడ ప్రయాణికురాలు ఒకామె టీకాల వరుసలో నిలబడి చెయ్యి చాచింది. లోపల ఇష్టం లేదని తర్వాత వాదించింది. చూసేవాళ్లకి ఆమె ఒప్పుకున్నట్టే కనిపించింది కాబట్టి డాక్టరుది తప్పు కాదంది కోర్టు. మనసులో ఏముందన్నది కాదు, ప్రవర్తనలో ఏం కనిపించిందన్నదే లెక్క. ఆఫీసుకి దీన్ని అన్వయించేటప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. మేనేజరు భుజం మీద చెయ్యి వేస్తే కొత్తగా చేరిన అమ్మాయి నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వులో సమ్మతి ఎంత, అప్రైజల్ భయం ఎంత? లైంగిక వేధింపుల విషయంలో అమెరికా సుప్రీంకోర్టు 1986లోనే ఈ తేడా పట్టుకుంది. బాధితురాలు స్వచ్ఛందంగా ఒప్పుకుందా అని కాకుండా, ఆ ప్రవర్తనని ఆమె కోరుకుందా లేదా అని అడగాలంది. బ్యాటరీ చట్టం ఇంకా అంత దూరం రాలేదు. రావాలి.

ఊరుకోవడం వేరు, వాతావరణం ఇచ్చే అనుమతి వేరు. విస్కాన్సిన్‌లోని వౌకెషాలో 1889 ఫిబ్రవరిలో ఒక బడిపిల్లాడు తరగతి గదిలో పక్క కుర్రాడి కాలి మీద మెల్లగా తన్నాడు. ఆ కుర్రాడికి ఆ క్షణంలో తగిలినట్టు కూడా తెలియలేదు. కాసేపటికి విపరీతమైన నొప్పి వచ్చింది. కాలు ఇక బాగుపడలేదు. ఇదే ఆటస్థలంలో జరిగి ఉంటే, ఆటల్లో ఇలాంటివి మామూలే కాబట్టి అనుమతి ఉన్నట్టు అనుకోవచ్చని కోర్టు చెప్పింది. కానీ టీచరు పాఠం మొదలెట్టాక ఆ అనుమతి లేదు. మన ఆఫీసుల్లో పుట్టినరోజున మనిషిని ఎత్తి కుదిపే బర్త్‌డే బంప్స్‌కీ, ముఖానికి కేకు పూయడానికీ ఈ సూత్రమే వర్తిస్తుంది. ‘మన టీమ్‌లో అందరికీ చేస్తాం’ అన్నది కొంతవరకు పనికొచ్చే వాదనే. ఆ మనిషి పోయిన నెల ఇంకొకరికి తనే కేకు పూసి ఉంటే వాదనకి బలం పెరుగుతుంది. ‘వద్దు బాబూ, నాకు నడుం నొప్పి’ అని చెప్పాక మాత్రం ఆ వాదన కూలిపోతుంది. లూసియానా సేల్స్‌మన్ విషయంలో తలుపు గడియే ఆ మాట చెప్పేసింది.

సమ్మతికి హద్దు కూడా ఉంటుంది. ఒక పనికి సరేనన్న మనిషి ఇంకో పనికి సరేననలేదు. దీనికి మన సుప్రీంకోర్టు తీర్పే ఉంది. సమీరా కోహ్లీ కేసులో ఆమె లాపరోస్కోపీ (పొట్టలోకి చిన్న కెమెరా పంపి చూసే) పరీక్షకి మాత్రమే ఒప్పుకుంది. మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. స్పృహలోకొచ్చాక తనే చెప్పగలిగిన, వయసొచ్చిన మనిషి బదులు తల్లి ఒప్పుకుంటే చెల్లదనీ, ఇది ఆమె శరీరంలో అనుమతి లేని జోక్యమనీ, అసాల్ట్, బ్యాటరీ కిందికి వస్తుందనీ 2008లో కోర్టు తేల్చింది. చేసింది డాక్టరైనా, ఉద్దేశం వైద్యమైనా సరే.

ఇప్పుడు కారణం దగ్గరికొద్దాం. కేసులు ఎక్కువగా నీరుగారిపోయేది ఇక్కడే. తాకాడని రుజువైంది, సమ్మతి లేదనీ రుజువైంది. మరి ఈ నొప్పి ఆ తాకిడి వల్లే వచ్చిందా?

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ఆ పని జరక్కపోతే ఈ గాయం ఉండేదా కాదా అన్నది మొదటిది. అది వాస్తవానికి సంబంధించినది, తప్పించుకోలేం. ఇంత పెద్ద ఫలితానికి అంత చిన్న పని చేసినవాడిని బాధ్యుణ్ని చేయడం న్యాయమా అన్నది రెండోది. నిర్లక్ష్యం కేసుల్లో ఈ రెండో ప్రశ్న మీద గంటలకొద్దీ వాదన నడుస్తుంది. ఊహించదగిన ఫలితమా కాదా అని చూస్తారు. కావాలని చేసిన తప్పులో ఈ వడపోత చాలా వదులు. వౌకెషా కేసులో కోర్టు చెప్పిన సూత్రం ఇదే. తప్పు చేసినవాడు ఊహించినా ఊహించకపోయినా, దాని నుంచి నేరుగా వచ్చిన గాయాలన్నిటికీ బాధ్యుడు. ఎదుటివాడి కాలు ముందే బలహీనంగా ఉందని నాకు తెలీదు అంటే కుదరదు. మనిషి ఎలా ఉంటే అలాగే అతన్ని నువ్వు తాకావు.

కానీ మొదటి ప్రశ్నకి ఏ మినహాయింపూ లేదు. వౌకెషా కుర్రాడికి అంతకు ముందు నెలలోనే మంచులో ఆడుతూ అదే కాలికి మోకాలి పైన దెబ్బ తగిలింది. డాక్టరుని సాక్ష్యం అడిగినప్పుడు వేసిన ప్రశ్నలో ఆ పాత దెబ్బని లెక్కలోకి తీసుకోలేదు. ఆ ఒక్క కారణంతో, సూత్రమంతా బాధితుడి వైపే ఉన్నా, 1891లో పై కోర్టు తీర్పు రద్దు చేసి మళ్లీ విచారణకి పంపింది. మన దగ్గర రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే వాళ్లలో మెడనొప్పి ముందునుంచీ లేనివాళ్లెందరు? సహోద్యోగి వెనకనుంచి మెడ పట్టి ఊపిన తర్వాత నొప్పి ముదిరితే, ముదిరినంత మేర పరిహారం అడగొచ్చు. ముందే ఉన్న నొప్పి వాటా విడదీయాలి. ఆ విడదీసే పని డాక్టరు మాత్రమే చేయగలడు. పాత నొప్పిని దాచితే అవతలి లాయరు పాత స్కాన్ రిపోర్టు తీసి చూపిస్తాడు, దాంతో మొత్తం కేసు మీదే నమ్మకం పోతుంది.

రోడ్ ఐలండ్‌లో 1995లో వచ్చిన తీర్పు చూడండి. కార్ల డీలర్ దగ్గర కారు తనిఖీ చేస్తున్న ఒక ఉద్యోగి ఫొటోని ఒక మహిళా కస్టమర్ తీసింది. అతను ఆమె చేతిలోని కెమెరా మీద వేలు పెట్టాడు. చేతిలో పట్టుకున్న వస్తువు ఒంటితో సమానమే కాబట్టి బ్యాటరీ జరిగిందని కోర్టు ఒప్పుకుంది. ఆమె నడుం గాయం శాశ్వతమని, ఆ రోజు సంఘటన వల్లే అని వైద్య సాక్ష్యం సరిగా నిలబడకపోవడంతో 60 వేల డాలర్లకు పైగా వేసిన పరిహారాన్ని మాత్రం రద్దు చేసింది. తప్పు రుజువైనా ఆ డబ్బు నిలవలేదు.

అలాగని గాయం లేకపోతే కేసే లేదనుకోకూడదు. హ్యూస్టన్‌లో సాంకేతిక సదస్సుకి వచ్చిన ఒక నల్లజాతి గణితవేత్త భోజనం కోసం వరుసలో నిలబడితే, హోటల్ క్లబ్ మేనేజరు నల్లవాళ్లకి ఇక్కడ వడ్డించం అని అరుస్తూ చేతిలో ప్లేటు లాక్కున్నాడు. ఒంటికి చెయ్యి తగల్లేదు, గీత కూడా పడలేదు. 1967లో టెక్సస్ సుప్రీంకోర్టు ఇది బ్యాటరీయే అని 400 డాలర్ల పరిహారం, 500 డాలర్ల దండన పరిహారం నిలబెట్టింది. అవమానమే నష్టం. దానికి ఎక్స్‌రే అక్కర్లేదు.

సమ్మతి, కారణం రెండూ కలిసి ముడిపడేది ఒకే గొడవలో రెండు మూడు తాకిళ్లు ఉన్నప్పుడు. కంపెనీ స్పోర్ట్స్ డేలో కబడ్డీ ఆట అనుకుందాం. కూతకొచ్చినవాడి చీలమండ పట్టి లాగారు, మోకాలు మెలిపడింది. విజిల్ పడ్డాక, కిందపడి ఉన్నవాడిని ఒకడు కోపంతో అదే కాలి మీద తన్నాడు. కాలు పట్టడం ఆటలో భాగం, దానికి సమ్మతి ఉంది. విజిల్ తర్వాత తన్నడానికి లేదు. ఇప్పుడు లిగమెంట్ తెగింది దేనివల్ల? పట్టు వల్ల తెగి ఉంటే, తన్నినవాడు తన్నినందుకు బాధ్యుడే గానీ ఆపరేషన్ ఖర్చుకి కాదు. తన్ను వల్ల తెగి ఉంటే మొత్తం అతని నెత్తిన పడుతుంది. రెండూ కలిసి తెగితే, ఎవరి వాటా ఎంత అన్నది డాక్టర్ల మాట మీద ఆధారపడుతుంది. సమ్మతి లేని స్పర్శ ఒకటి ఉందని చూపిస్తే సరిపోదు, గాయం ఆ స్పర్శలోంచే వచ్చిందని చూపాలి. ‘సరదాకి చేశాను’ అన్న మాట ఈ రెండు ప్రశ్నల్లో దేనికీ జవాబు కాదు. అయినా హెచ్‌ఆర్ గదుల్లో ఎక్కువగా వినిపించేది, ఎక్కువగా చెల్లిపోయేది అదే. నన్ను ఈ వ్యాసం రాయించింది కూడా అదే.

మన దేశంలో సహోద్యోగి మీద బ్యాటరీ అని సివిల్ దావా వేసేవాళ్లు అరుదు. చట్టం లేక కాదు. అడిగే పరిహారాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, ఏళ్ల తరబడి తిరగాలి. అందుకని జనం పోలీస్ స్టేషనుకో, కంపెనీ కమిటీకో వెళ్తారు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 129వ సెక్షన్ సమ్మతి లేకుండా బలప్రయోగం చేయడాన్ని నిర్వచిస్తుంది. 28వ సెక్షన్ భయంతోనో అపోహతోనో ఇచ్చిన సమ్మతి సమ్మతే కాదంటుంది. 33వ సెక్షన్ మామూలు మనిషి ఎవరూ ఫిర్యాదు చేయనంత చిన్న హానిని వదిలేస్తుంది. అయితే క్రిమినల్ కేసులో ఉద్దేశం చూసే తీరు వేరు. మెల్లగా తన్నితే కాలు పోయిన సందర్భంలో, ఊహించని ఆ పెద్ద గాయాన్ని నిందితుడి నెత్తిన పెట్టడం అక్కడ కష్టం. పైగా శిక్ష పడినా బాధితుడి ఆపరేషన్ బిల్లు దానంతటది తీరదు. సివిల్ దావాకి ఉన్న విలువ అక్కడే.

మహిళా ఉద్యోగులకి లైంగిక వేధింపుల విషయంలో 2013 పోష్ చట్టం (పనిచోట లైంగిక వేధింపుల నివారణ చట్టం) మధ్యేమార్గం ఇస్తుంది. ఆమె కోరుకోని శారీరక స్పర్శ అన్నది అందులో కొలత. ఘటన జరిగిన మూడు నెలల్లోగా కంపెనీలోని ఇంటర్నల్ కమిటీకి ఫిర్యాదు ఇవ్వాలి, కారణం చూపిస్తే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. తప్పు చేసినవాడి జీతంలోంచి పరిహారం కోసి ఇవ్వమని కమిటీ సిఫారసు చేయొచ్చు. ఎంత అన్నది తేల్చేటప్పుడు మనోవేదన, పోయిన ఉద్యోగ అవకాశం, వైద్యం ఖర్చు, అవతలివాడి ఆదాయం చూడాలని 15వ సెక్షన్ చెప్తుంది. ఇక్కడ కూడా వైద్యం ఖర్చు అడిగితే అది ఆ ఘటన వల్లే అని చూపించాల్సిందే.

కాబట్టి ఇలాంటిది జరిగితే ఆ రోజే డాక్టరుని కలవడం మంచిది. ఆసుపత్రి చీటీలో ‘మెడనొప్పి’ అని మాత్రమే రాస్తే అది రేపు దేనికీ పనికిరాదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు ఏం చేశాక మొదలైందో చెప్పి రాయించుకోవాలి. పాత నొప్పి ఉంటే అదీ చెప్పాలి. వద్దని నోటితో అని ఉంటే విన్నవాళ్లెవరో గుర్తుపెట్టుకోవాలి. అనలేకపోతే అదే సాయంత్రం ఆ మనిషికో హెచ్‌ఆర్‌కో రెండు లైన్ల మెయిల్ పెట్టాలి. అప్పటికే జరిగినదాన్ని అది మార్చదు గానీ, మళ్లీ చెయ్యి పడితే అవతలివాడు ‘తనకి అభ్యంతరం లేదనుకున్నాను’ అనడానికి వీలుండదు.